ఖాళీ డ్రమ్ము జవాబు

టప్... టప్...

పిడుగురాళ్ల ఎండలో నీలం డ్రమ్ము. సరిగ్గా బిగియని కుళాయి. కింద బకెట్.

ఫర్జానా ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఈ డ్రమ్మే. నిండుగా ఉంటే నీళ్లు జోరుగా పోతాయి, తగ్గేకొద్దీ నెమ్మదిస్తాయి — ఆ వేగానికి ఒక సమీకరణం. లాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్ రెప్పపాటులో సాధించి, గీత గీసి చూపించింది.

గీత దిగింది... దిగింది... నలభయ్యో నిమిషంలో అడుగును తాకింది.

తాకి — మళ్లీ పైకి లేచింది!

ఎక్కడ తప్పిందో తెలియదు. రేపే నరసరావుపేటలో వైవా. ప్రాజెక్టు తిప్పి పంపితే ఏడాది పోతుంది. అమ్మీ ఇంకో ఏడాది సున్నం బట్టీకి పోవాలి. ఫర్జానాకు ఏడుపొచ్చింది.

అప్పుడే బట్టీ నుంచి వచ్చింది హజ్రా బీ, కనురెప్పల దాకా తెల్లటి దుమ్ముతో.

"ఏందే ఆ గీత?"

"మన డ్రమ్ము, అమ్మీ. ఖాళీ అయ్యాక మళ్లీ నిండుతోంది."

హజ్రా బీ పకపకా నవ్వింది. "దానికదే నిండితే నేనెందుకే బిందెలేసుకుని ట్యాంకరెనక ఉరికేది? ఖాళీ అయింది ఖాళీగానే ఉంటది. ఎవురో ఒకరు పోసిందాకా."

ఫర్జానా కాగితం తీసుకుని మొదటి నుంచి చేత్తో చేసింది.

దొరికింది.

సమీకరణాన్ని రెండు వైపులా నీటి ఎత్తు వర్గమూలంతో భాగించింది యంత్రం. సున్నాతో భాగించకూడదు కదా — అందుకని ఎత్తు సున్నా కాదని తనకు తానే అనుకుంది. అక్కడే ఒక జవాబు జారిపోయింది. ఎత్తు సున్నా... ఎప్పటికీ సున్నా. అడుగంటాక పట్టుకోవాల్సింది ఆ జవాబునే.

యంత్రాన్ని తిట్టబోయి ఆగిపోయింది.

తను మాత్రం?

ఎప్పుడు కొలిచినా నిండు డ్రమ్మే. సగం దాకా కొలిచి ఆపేసేది. తెల్లారి లేచేసరికి మళ్లీ నిండు డ్రమ్మే. ఇరవై రెండేళ్లలో ఈ ఇంట్లో ఖాళీ డ్రమ్మును తను చూడనేలేదు.

చూడనివ్వలేదు అమ్మీ.

ప్రాజెక్టు రిపోర్టులో కృతజ్ఞతల పేజీ తెరిచింది. గైడు పేరుంది. లైబ్రరీ ఉంది. సాఫ్ట్‌వేర్ పేరు కూడా ఉంది, సిగ్గులేకుండా. అన్నిటికన్నా పైన రాసింది — హజ్రా బీ, జారిపోయిన జవాబు ఇచ్చినందుకు.

రేపు సార్లు ఏమంటారో. ఒప్పుకుంటారో, నవ్వుతారో.

వీధి చివర ట్యాంకర్ హారన్. హజ్రా బీ లేవబోయింది.

"నువ్వు కూర్చో అమ్మీ."

బిందెలు అందుకుని, ఫర్జానా మొదటిసారి డ్రమ్ము అడుగు దాకా తొంగి చూసింది. అడుగున అరచేతిలో పట్టేన్ని నీళ్లు.

టప్...

తర్వాతి చుక్క కోసం ఒక్క క్షణం ఆగింది.