తిరపాలు తుపాకి

నేను ఒక రెండు గొట్టాల తుపాకిని. వయసు నలభై మూడేళ్లు. ఇంతవరకు మనిషిని చంపలేదు. చంపబోయిన రోజు ఒకటుంది. దాన్ని దాచను.

గంగ ఒడ్డున తుపాకులు చేసే ఊళ్లో పుట్టాను. నా గొట్టాలు నున్నగా చేసిన పనివాడికి ఒక కన్ను సరిగా ఆనదు. రెండో కంటితో నాలోంచి కిటికీ వైపు చూసి, వంకర లేదని తేల్చాడు. నేను పుట్టిన తేదీ ఫ్యాక్టరీ పుస్తకంలో ఉంది. నన్ను కొన్నవాళ్లిద్దరికీ ఆ భాగ్యం లేదు. బళ్లో వేసినరోజు మేష్టారు తోచింది రాసుకున్నాడు.

మొదట నన్ను కొన్నది నల్లమల అంచున వేరుశనగ వేసే పెదవీరారెడ్డి. అడవిపందులను కొట్టడానికన్నాడు. పందులు వచ్చే వేళకు ఆయన నిద్రపోయేవాడు. బంధువులు వచ్చినప్పుడు గోడ మీంచి దించి చూపించేవాడు. పెళ్లిళ్లలో ఆకాశంలోకి కాల్చేవాడు. ఆయన పోయాక కొడుకులు గిన్నెలతో సహా పంచుకున్నారు. నేను మాత్రం ఎవరికీ అక్కర్లేదు. నాతో పాటు లైసెన్సు తిప్పలొస్తాయి. తుపాకుల దుకాణంలో పడ్డాను. ఆరేళ్లు అక్కడే ఉన్నాను.

అక్కణ్ణుంచి నన్ను తెచ్చుకున్నవాడు తిరపాలు. మిలట్రీలో పదిహేడేళ్లు మంచుకొండల్లో కాపలా కాసి వచ్చాడు. ఊరికొచ్చాక తెలిసింది, ఆ పదిహేడేళ్లతో పనిలేదని. బ్యాంకులకు కాపలావాళ్లను పంపే ఏజెన్సీ దరఖాస్తులో పేరు కంటే ముందు ‘సొంత తుపాకి ఉందా?’ అని ఉంటుంది. తుపాకి లేని మాజీ సైనికుడు వాచ్‌మన్. ఉన్నవాడు గన్‌మ్యాన్. అందుకే నన్ను కొన్నాడు. ఉద్యోగం నిజానికి నాది. అతను నన్ను మోసేవాడు.

వేములపాడు బ్యాంకు గేటు దగ్గర ఎనిమిదేళ్లు కూర్చున్నాం. అతను ప్లాస్టిక్ కుర్చీలో, నేను అతని మోకాళ్ల మధ్య.

“ఏం తిరపాలన్నా, అది పేలుద్దా, పొయ్యి ఊదుకోడానికా?” అనేవాడు టీకొట్టు నాసరయ్య.

“నీ టీ తాగి బతికినోణ్ణి, తుపాకికి భయపడతానా?” అనేవాడు తిరపాలు.

ముసలివాళ్లు డబ్బు తీసుకునే ఫారం తెచ్చి ఇస్తే, నన్ను భుజానికి ఆనించుకుని రాసిపెట్టేవాడు. ఆ ఎనిమిదేళ్లలో అతను చేసిన అసలు పని అదే. బాగా చేశాడు.

తొమ్మిదో ఏడు చెడింది. మొదట కుర్చీని గోడకు ఆనించుకున్నాడు, వెనక ఎవరో నిలబడుతున్నారని. తర్వాత బ్యాంకు ఏసీ మోతలో తన పేరు వినిపిస్తోందన్నాడు. కేషియర్ హిమబిందు పెన్నుతో బల్ల మీద కొట్టడం తన గురించి ఎవరికో సైగ అనుకున్నాడు. అతనికి నిద్ర కరువైంది. తిండి తగ్గింది. చొక్కా ఇస్త్రీ మాత్రం తప్పలేదు. ఇస్త్రీ నలగని మనిషికి జబ్బుందని ఎవరూ అనుకోరు.

ఒక మధ్యాహ్నం లేచి నిలబడ్డాడు. నన్ను భుజానికి ఎత్తాడు. అద్దం అవతల హిమబిందు పాసుపుస్తకాల మీద ముద్రలు వేస్తోంది. లోపల పదకొండుమంది ఉన్నారు. ఒకామె చంకలో పిల్ల ఉంది. నాలో రెండు తూటాలున్నాయి, అతని నడుం పట్టీలో ఇంకో పది. వేలు ట్రిగ్గర్ మీదికి వచ్చింది.

అప్పుడు పక్కనుంచి ఒక ముసలాయన కాగితం చాపాడు. “అయ్యా, ఈ ఫారం కాస్త రాసిపెట్టు.”

తిరపాలు నన్ను దించాడు. ఫారం రాశాడు. వేలిముద్ర ఎక్కడ వేయాలో చూపించాడు. బ్యాంకులో ఎవరూ తల ఎత్తి చూడలేదు.

ఆ సాయంత్రం భార్య మాలకొండమ్మ మిరపకాయలు తొడిమెలు తీస్తుంటే ఎదురుగా కూర్చుని జరిగింది చెప్పాడు. పన్నెండు తూటాలూ ఆమె ఒళ్లో పోశాడు.

“నీకాడే పెట్టుకో. నేనడిగినా ఈబాక.”

ఆమె వాటిని పాతచీర ముక్కలో కట్టి బియ్యం డబ్బాలో అడుగున దాచింది. నా మీద మొట్టమొదట ఆంక్ష పెట్టింది ఆమే. కలెక్టరు తర్వాత.

“డాక్టరుకి చూపిద్దామా?” అంది.

“పిచ్చి డాక్టరు చీటీ ఇంటికొస్తే లైసెన్సు పోయిద్ది. లైసెన్సు పోతే గేటు పోయిద్ది. తర్వాత ఏం తింటాం?”

రెండు నెలలు ఖాళీ గొట్టాలతో బ్యాంకును కాపలా కాశాం.

అప్పుడు పక్క జిల్లాలో నూలుమిల్లు కాల్పులు జరిగాయి. షిఫ్టు మారే వేళ గేటు కాపలావాడు తనతో పనిచేసేవాళ్ల మీద కాల్చాడు. ఐదుగురు పోయారు, అతను ఆరోవాడు. పేపర్లలో తుపాకి ఫొటో పెద్దగా వేశారు. నాలాంటిదే. అతనికి ఏడాదిగా నిద్ర లేదనీ, ఎవరికి చెప్పినా వినలేదనీ అతని అక్క ఏడ్చిన మాట ఏడో పేజీలో వచ్చింది. చదివినవాళ్లు తక్కువ.

వారంలో కలెక్టరు ఉత్తర్వు వచ్చింది. లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పజెప్పాలి. మతి సరిగా ఉందని ప్రభుత్వ డాక్టరు రాసిస్తేనే తిరిగి ఇస్తారు.

ఆసుపత్రి వరండాలో నలభైమంది వరసకట్టారు. అప్పజెప్పడానికి మర్నాడే ఆఖరు రోజు కాబట్టి చాలామంది భుజాన తుపాకులతోనే వచ్చారు. పిచ్చి లేదని రాయించుకోవడానికి తుపాకులతో ఆసుపత్రికి రావడం ఎవరికీ వింతగా అనిపించలేదు. కాగితం చేతికొచ్చినవాడు మిగతావాళ్లను ఆటపట్టించాడు.

“నాకు పిచ్చి లేదని గవర్నమెంటు రాసిచ్చింది. నీకుందా కాగితం?”

“నీ పెళ్లాన్ని అడిగి రాశారా, అడక్కుండానే రాశారా?”

డాక్టరు ఒక్కతే. నలభైమందికీ అవే మూడు ప్రశ్నలు. నిద్ర పడుతుందా, ఆకలేస్తుందా, ఎవరి మీదైనా కోపముందా. తిరపాలు నిటారుగా నిలబడి మూడింటికీ మిలట్రీ జవాబులు చెప్పాడు. డాక్టరు పెన్ను కాగితం మీదికి దిగింది.

“అమ్మా, ఆగండి,” అంది వెంట వచ్చిన మాలకొండమ్మ.

తిరపాలు ఆమె వైపు చూడలేదు.

“ఆయనకి నిద్ర లేదు. గోడలో మాటలు వినబడతన్నయ్యంటాడు. బ్యాంకులో కేషియర్ పిల్ల మీదికి దీన్ని ఎత్తాడు. తూటాలు నాకాడున్నయ్.” చీర మూట బల్ల మీద పెట్టింది. “తుపాకి తీసేసుకోండి. మనిషిని బాగుచెయ్యండి. నేనడిగేది అంతే.”

డాక్టరు తిరపాలు వైపు తిరిగింది. “నిజమేనా?”

“నిజం కానిది ఆమె చెప్పదు మేడమ్,” అన్నాడు తిరపాలు.

డాక్టరు రెండు వాక్యాలు రాసింది. ఇతనికి ఆయుధం ఇవ్వరాదు. ఇతనికి వెంటనే వైద్యం చేయించాలి.

మొదటి వాక్యం సాయంత్రానికి అమలైంది. పోలీసు జీపు వచ్చింది, నన్ను తీసుకుపోయింది. మర్నాడు ఏజెన్సీ గేటుకు కొత్త మనిషిని పంపింది, తుపాకితో సహా.

రెండో వాక్యం ఆమె చేతిలో పెట్టారు. తర్వాత జరిగింది నేను చూడలేదు. స్టేషన్ రైటరు ఖాదర్ బాషా ముందు నిలబడి ఆమె చెబుతుంటే గోడ ఇవతలి నుంచి విన్నాను. మతి డాక్టరు గురువారం వస్తాడన్నారు. మొదటి గురువారం సెలవు. రెండో గురువారం వారానికి సరిపడా మాత్రలిచ్చారు. వాటితో అతను రెండు రోజులు నిద్రపోయాడు, లేచి ఆకలేస్తోందన్నాడు. మూడో గురువారం ఆ మాత్రలు రాలేదు, బయట కొనుక్కోమన్నారు, వేములపాడు కొట్లలో లేవు. నాలుగో గురువారానికి డాక్టరు బదిలీ. పెద్దాసుపత్రికి పోతే మంచం ఖాళీ లేదు, వచ్చే నెల రమ్మన్నారు. ఊళ్లో అందరూ ఆమెకు పేరు పెట్టారు, మొగుడికి పిచ్చని రాయించిన మనిషి అని.

వచ్చే నెల రాకముందే ఒక పొద్దున అతను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని డ్యూటీకి పోయాడు. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. కొత్తవాడు లేవమన్నాడు. లేచి బస్టాండు వైపు నడిచాడు. తర్వాత చూసినవాళ్లు లేరు.

“తుపాకేమన్నా తీసుకుపోయాడా?” అడిగాడు రైటరు.

“మీకాడే ఉంది గదయ్యా.”

“మరింకేం తల్లీ, ఎవరికీ ప్రమాదం లేదు.”

“ఆయనకుంది.”

రైటరు మంచివాడే. మనిషి కనబడలేదన్న కాగితం తీసుకున్నాడు. కాగితాల కింద పెట్టాడు.

రెండేళ్లు గడిచాయి. నన్ను ఇనుప కడ్డీల గదిలో పెట్టారు. నెలకోసారి ఎస్సై వచ్చి తాళం తీసి, నేనున్నానో లేదో చూసి సంతకం చేస్తాడు. మూణ్ణెల్లకోసారి నూనె పూస్తారు. వానాకాలంలో తుప్పు పట్టకుండా గుడ్డ చుడతారు. పుట్టి బుద్ధెరిగాక ఇంత శ్రద్ధ నా మీద ఎవరూ చూపలేదు. గురువారాలతో నాకు పనిలేదు. మంచం ఖాళీ లేదని నన్ను ఎవరూ వెనక్కి పంపలేదు.

మొన్న ఇంకో ఉత్తర్వు వచ్చింది. లైసెన్సు రద్దైన తుపాకులను కోసి కరిగించాలి. దానికి యజమాని సంతకం కావాలి. తక్కినవన్నీ పోయాయి. నేనొక్కదాన్నే మిగిలాను. రైటరు మాలకొండమ్మను పిలిపించాడు.

“ఇక్కడ పెట్టు తల్లీ సంతకం. వారసురాలివి. ఆయన చనిపోయాడని కింద నేను రాసుకుంటా.”

“చనిపోయాడని ఎవరు చూశారు?”

“రెండేళ్లాయె.”

“మీరు ఎతికిన రోజులెన్ని?”

రైటరు గొంతు తగ్గించాడు. “పై నుంచి రోజూ ఫోన్లమ్మా. జిల్లా మొత్తానికి ఇదొక్కటే ఆగింది. ఎస్సై నా ప్రాణం తీస్తన్నాడు.”

“అయితే యజమానిని ఎతికి సంతకం పెట్టించుకోండి.” ఫారాన్ని అతని వైపు నెట్టింది. “మనిషి కోసం ఎతకలా. దీనికోసమన్నా ఎతకండి.”

మర్నాడే ఇద్దరు కానిస్టేబుళ్లకు డ్యూటీ వేశారు. లైసెన్సులోని ఫొటో పెద్దది చేయించి రైల్వేస్టేషన్లకు, ఆశ్రమాలకు, ఆసుపత్రులకు పంపారు. ఫొటో కింద నా వివరం నాలుగు లైన్లు, అతని వివరం ఒక లైను. అయినా వెతుకుతున్నారు. రెండేళ్లలో మొదటిసారి.

ఆమె సంతకం పెట్టిన రోజు నేను కరిగిపోతాను. ఆ రోజే వెతకడం ఆపేస్తారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, రైటరుకూ తెలుసు. ఇద్దరూ దాని మాటెత్తరు.

సోమవారం సోమవారం ఆమె వస్తుంది. గడప అవతలే నిలబడుతుంది. భర్త సంగతి అడగదు.

“తుపాకి ఉందా?”

“ఉందమ్మా.”

“అయితే ఎతుకుతన్నారు,” అని బస్సుకు పోతుంది.