ఆమె పక్కన

"కాగితం నిండ పసుపే. జర చేతులు కడుక్కొని రాయరాదా?"

సురేశ్ ప్రతి శనివారం ఆ మాట అంటాడు. సువార్త ప్రతి శనివారం కడుక్కుంటుంది. నెల రోజులుగా పసుపు తవ్వుతున్న గోళ్లకు సబ్బు ఒక లెక్కా? పొయ్యి మీద ఎసరు పెట్టి, గట్టు మీదే నోటుబుక్కు పరచుకుని, రేపు చర్చిలో భర్త సురేశ్ చెప్పబోయే ప్రసంగం రాస్తోంది. తొమ్మిదేళ్లుగా గొంతు సంఘ పెద్ద అయిన అతనిది, వాక్యాలు ఆమెవి. తన మాటకు అందరూ "ఆమెన్" అంటుంటే, ఆడవాళ్ల వరుసలో తల వంచుకుని కూర్చున్న ఆమెకు లోపల ఒక దొంగ సంతోషం కలిగేది. ఇన్నేళ్లూ తనను నోరెత్తనివ్వనిది ఆ సంతోషమేనని ఈ మధ్యే తెలిసింది. దొంగతనం తన ఇంట్లోనే. దొంగకు కాపలా కాస్తున్నదీ తనే.

ఈసారి అంశం ఐక్యత. ఆర్మూరులో తమ పాత చర్చికీ కొత్త చర్చికీ సమాధుల తోట ఒక్కటే. వానలకు దాని గోడ కూలి, పందులు చొరబడుతున్నాయి. కొత్త గోడ మీద ఏ చర్చి పేరు పైన చెక్కాలో తేలక పెద్దలు ఆరు నెలలుగా మీటింగులు పెడుతున్నారు; ఆడవాళ్లు చాయ్ పోస్తున్నారు. మూడేళ్ల కిందట పోయిన సువార్త పసిబిడ్డ అక్కడే ఉంది. పందులు పెకలించిన మట్టి చూసిన రోజు ఆమె అన్నం ముట్టలేదు.

అందుకే నెహెమ్యా కాలంలో యెరూషలేము గోడ కట్టినవాళ్ల జాబితా రాసింది. ఒకరి పక్కన ఒకరు, ఎవరి ఇంటికి ఎదురుగా వాళ్లు. అందులో షల్లూము అనే అధికారి, అతనితో అతని కూతుళ్లు. కూతుళ్ల పేర్లు మాత్రం లేవు.

"గా పేర్ల లిస్టు తీసెయ్. ఎవరింటరు?" అన్నాడు సురేశ్.

"అండ్ల ఆడోళ్లున్నరు."

"ఉంటే?"

ఆమె నోటుబుక్కులోంచి ఆ కాగితం చించి కొంగున ముడివేసుకుంది. మర్నాడు సురేశ్ ఆ పేర్లు లేకుండానే ప్రసంగం చెప్పాడు.

పసుపు చేనులో ఒక్కొక్కరికి ఒక్కో సాలు. ముందు ముగించినామె ఒడ్డెక్కదు. వెనకబడినామె సాలులోకి దిగి ఎదురు తవ్వుకుంటూ వస్తుంది. ఏ చర్చి అని అడగదు. సోమవారం కొత్త చర్చి ఆశమ్మ తన సాలులోకి దిగినప్పుడు, సువార్త ముడి విప్పి కాగితం చదివి వినిపించింది.

"అంటే గోడ సాళ్లు సాళ్లుగ కట్టిండ్రు!" ఆశమ్మ నడుమెత్తింది. "గదెంత పని, బిడ్డా?"

"పెద్దలు ఊకుంటరా, అత్తా?"

"ఆళ్లు మీటింగుల ఉంటరు గద, ఎట్ల సూస్తరు?" అంది పక్క సాలులోని రత్నవ్వ. చేనంతా నవ్వింది.

రెండు చర్చిల ఆడవాళ్లూ రోజూ చేను నుంచి వచ్చాక, పొద్దు గూకేలోపు గోడ కట్టారు. కూలిన రాళ్లే. తాపీ పట్టడం తెలిసిన ఆశమ్మే మేస్త్రి. ఎవరి సమాధికి ఎదురుగా వాళ్లు నిలబడ్డారు. చిన్న సమాధి ఎదుట సువార్త చేతులు ఆగిపోతే, తన భాగం ముగించిన రత్నవ్వ ఎదురు పేర్చుకుంటూ వచ్చింది. శుక్రవారం పెద్దలు వచ్చి అరిచారు. ఆపిద్దామంటే ఏ భాగం ఏ చర్చిదో వాళ్లకు అర్థం కాలేదు.

మళ్లీ ఆదివారం వచ్చింది; సురేశ్ చెయ్యి చాచాడు. "ప్రసంగం ఏది?"

"నేనే చదువుత."

"మందిల ఇజ్జత్ తీస్తవా?"

"చేతులు గూడ కడుక్కోలే," అని ఆమె ముందుకు నడిచింది.

కొత్త చర్చి ఆడవాళ్లు గుమ్మం నిండా నిలబడ్డారు. పసుపు అంటిన కాగితం పైకెత్తి చదివింది:

"గోడ రత్నవ్వ కట్టింది. ఆమె పక్కన ఆశమ్మ. ఆమె పక్కన లిదియా, ఆమె కూతుళ్లు. కూతుళ్ల పేర్లు కరుణశ్రీ, దీప. ఆమె పక్కన, నా బిడ్డకు ఎదురుగా, నేను, సువార్త."

"ఆమెన్" అంది గుమ్మం. ఈసారి సువార్త తల వంచలేదు.