తాటిచెట్టంత అల

ముప్ఫై ఏళ్ళుగా బడిలో తెలుగు చెప్తున్నాను. అతిశయోక్తి పాఠం వచ్చిందంటే నాకు పూనకమే. పక్క తరగతి పిల్లలు కూడా కిటికీ దగ్గర చేరి వినేవారు. ఆ పొగరే నాచేత నూకాలు అర్జీ రాయించింది.

నూకాలు మా సీతమ్మధార వీధుల్లో చేపలమ్ముతుంది. మొన్నటి తుఫానుకు సముద్రం పొంగి, ఒడ్డునున్న ఆమె ఇంటి వెనకగోడ పడిపోయింది. సర్కారు సాయం ఇస్తోందట, అర్జీ రాసిపెట్టమని మా గుమ్మం ముందు గంప దించింది. గోడ ఒకటే పోయింది, నాలుగు గిన్నెలు కొట్టుకుపోయాయి, అంతే అని చెప్పింది.

ఇంత చప్పగా రాస్తే ఎవడు చదువుతాడనిపించింది నాకు. తాటిచెట్టంత అల లేచిందని రాశాను. ఇల్లు ఆనవాలు లేకుండా నేలమట్టమైందని, మూడు రోజులు పచ్చి మంచినీళ్ళయినా ముట్టలేదని రాశాను. చదివి వినిపిస్తూ నాలో నేనే మురిసిపోయాను.

నూకాలు మొహం చిన్నబోయింది. గంగమ్మను నమ్ముకుని బతికేవాళ్ళు ఆ తల్లి మీద లేని నింద వేయరు. వేస్తే సముద్రం మీద చేపల వేటకెళ్ళినవాళ్ళకు కీడంటారు. ఆమె మొగుడు సింహాద్రి అప్పుడు వేటలోనే ఉన్నాడు.

"గంగమ్మ తల్లి అంత సెయ్యనేదు బాబూ," అంది.

ఇది అబద్ధం కాదే పిచ్చిదానా, అలంకారం అని కొట్టిపారేశాను. చదువుకున్నవారు, మీకే తెలుస్తుందని వేలిముద్ర వేసింది.

పది రోజులకు అధికారి విచారణకు వచ్చాడు. తోడుగా నిలబడమని నూకాలు బతిమాలితే వెళ్ళాను. ఆయన మొదట పక్కింటి ముసలమ్మ అర్జీ చూశాడు. అందులో ఉన్నది ఒకటే ముక్క, పైరేకులు ఎగిరిపోయాయని. రేకుల్లేని ఇంటికేసి చూసి సంతకం పెట్టేశాడు. నూకాలు అర్జీ మాత్రం రెండుసార్లు చదివాడు. గోడ పడిందని రాసుంటే ఇప్పుడే మంజూరు చేసేవాణ్ణి, ఇల్లే లేదని రాసి ఆ ఇంట్లోంచే బయటికొస్తే నేనేమనుకోవాలి అన్నాడు. తర్వాత చుట్టూ చూసి, ఇదెవరు రాశారని అడిగాడు.

నా నోరు పెగల్లేదు. తెలుగు మాస్టారు దొంగ అర్జీలు రాస్తాడని బడిలో తెలిస్తే పిల్లల ముందు తలెత్తుకోగలనా?

"నానే సెప్పి రాయించేనండి. ఆశపడ్డాను. తప్పు నాదే," అంది నూకాలు.

ఆయన అర్జీ మీద అడ్డంగా గీత కొట్టి జీపెక్కాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకలా చెప్పావని నూకాల్ని అడిగాను. ఆ మాట అడగడానికి మాత్రం నోరొచ్చింది.

"సదువు సెప్పేవోరు. నలుగురిలో మీకు సిన్నతనం గదా బాబూ," అంటూ ఆమె, పడిపోయిన గోడకు అడ్డంగా కట్టిన చీర సర్దుకుంది.

జీపు ఇంకా సందు దాటలేదు. దారికడ్డంగా ఆరేసిన వలలు ఎవరో తీస్తున్నారు. గట్టిగా పిలిస్తే వినపడేంత దూరం. నేను పిలవలేదు.