ఏడుపు ఆగిన చట్రం

నా భార్య తేనెకు చెడ్డపేరు తెచ్చింది ఆమె తమ్ముడే. ఇందులో వాదనకు చోటు లేదు.

ఆమె మంచం పట్టిన ఏడు, సాయం చేస్తానని వచ్చి పెట్టెల్లోంచి తేనె తీశాడు. చట్రాల పైభాగంలో తేనెటీగలు మైనం మూతలు వేసి ఉండటం చూశాడు. తేనె ఇంకా చిక్కబడని కింది గదులు తెరిచే ఉన్నాయి. అటు చూడలేదు. ఆమె పేరు అంటించిన సీసాల్లో ఆ తేనె పులిసి, నురగ కక్కింది. కొట్లవాళ్లు తిప్పి పంపారు. ఆమె మంచం మీదే ఒక చుక్క నాలుక మీద వేసుకుని, "ఏడుస్తుంటే తీశావురా," అంది. ఆ బాధతోనే పోయింది.

ఏడవడం అన్నది ఆమె మాట. చట్రాన్ని అడ్డంగా పట్టుకుని ఒక్క దులుపు దులిపేది. చుక్క రాలితే తేనె ఇంకా పచ్చి అన్నమాట. మళ్లీ పెట్టెలో పెట్టేసేది. ఆ దులుపు నాకు పట్టుబడలేదు. నేను దులిపితే తేనెపట్టే విరుగుతుంది.

ఈ ఏడు పెట్టెలు మా అమ్మాయి చూసుకుంది. ఒక కొట్టాయన మళ్లీ సీసాలు పెట్టి చూస్తానన్నాడు. ఈసారీ పులిస్తే ఆ అరలో మా ఆవిడ పేరు ఇక ఉండదు.

పిలవకుండానే బావమరిది వచ్చాడు.

"ఇంకా ఏం చూస్తావే అమ్మడూ? మూతలు పడ్డాయిగా. పాపం, కొట్టాయన ఒకటే ఫోన్లు."

"ఫోన్లు ఆయన చేస్తున్నాడు మామయ్యా, ఈగలు కాదు."

"అచ్చం మీ అమ్మ నోరే!"

"చెయ్యి చాపు."

ఈగలను కుంచెతో తుడిచి, చట్రాన్ని అతని ముంజేతి మీదుగా పట్టి దులిపింది. ఒక చుక్క పడింది. వెనకే ఇంకొకటి.

"ఏడుస్తోంది," అని పెట్టె మూసేసింది.

అతను చెయ్యి తుడుచుకోలేదు. నేను అమ్మాయి మణికట్టునే చూస్తున్నాను. అదే విసురు. ఎవరూ నేర్పలేదు. తల్లి కొంగు పట్టుకుని తిరిగిన రోజుల్లో చూసిందంతే. నా ఛాతీ ఉప్పొంగింది.

పొడిగాలులు మొదలయ్యాక మళ్లీ దులిపింది. ఏమీ రాలలేదు. అప్పుడు తీశాం. గరిటె ఎత్తితే తేనె తెగకుండా దిగి, మడతలు మడతలుగా పేరుకుంది. వానలు వచ్చి పోయినా ఒక్క సీసా పొంగలేదు. కొట్టాయన వాటిని ముందు అరలోకి మార్చాడు.

ఆ మాట విని బావమరిది మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"బావా, అక్క పేరు నిలబడింది కదా. ఇప్పటికైనా ఆ పాత సంగతి..."

"నిలబెట్టింది నా కూతురు. నీకు వాటా లేదు. ఆ సంగతి ఇక నీతో ఎత్తను. క్షమించాననుకుని మురిసిపోకు."

ఇక్కడ రాశాను, సరే. ఇకమీదట ఎవరడిగినా అతను తేనె పాడుచేసిన మాట నా నోట రాదు.