అరచేతి వేడి

గుండె నిమిషానికి ఎన్ని లీటర్ల రక్తం తోస్తోందో కొలవడం చెల్లెలి పని. పద్నాలుగేళ్లుగా అదే గది, అవే మిషన్లు. కానీ ఇవాళ బల్లమీద పడుకున్నది సొంత అక్క. భయం ఉండదా మరి? ప్రాణాలు అరచేత పెట్టుకుని నిలబడింది.

"కోత మాత్రం వద్దే. అమ్మ ఇలాగే బల్లెక్కింది, మళ్లీ దిగలేదు," అని పొద్దున్నే అంది అక్క.

రెండు రకాలుగా కొలిచారు. ఊపిరిలో, రక్తంలో ఉన్న ఆక్సిజన్‌ని బట్టి లెక్కేస్తే మూడు పాయింట్ రెండు వచ్చింది. తర్వాత చెల్లెలు ఐసు గిన్నెలోంచి సిరంజీలు తీసి, చల్లటి సెలైన్ అక్క గుండెకి వేసిన గొట్టంలోకి ఎక్కించింది. రక్తం ఎంత చల్లబడిందో చూసి మిషన్ లెక్క చెబుతుంది. మూడుసార్లూ నాలుగు పాయింట్ ఎనిమిదే!

డాక్టరు తల గోక్కున్నాడు. "ఎక్కువదే నిజమైతే గుండె కవాటం మరీ మూసుకుపోలేదు, ఇంటికి పంపేద్దాం. తక్కువదే నిజమైతే ఆపరేషన్ చెయ్యాల్సిందే. ఆలస్యం చేస్తే మనిషి దక్కదు. ఏది నమ్మమంటావమ్మా?"

"సెలైన్‌దే సార్." నోరు జారినట్టే వచ్చేసింది మాట.

"సరే. నీ చెయ్యి మీద నాకు నమ్మకం," అని ఆయన పెన్ను తీశాడు.

చెల్లెలికి ఏడుపొక్కటే తక్కువ, సంతోషంతో. అక్క చెయ్యి పట్టుకుంది.

"అబ్బ! ఈ చలి గదిలో నీ చెయ్యొక్కటే వెచ్చగా ఉందే," అంది అక్క.

చెల్లెలు తన అరచేతి వంక చూసుకుంది. భయంతో ప్రతి సిరంజీనీ గుప్పిట్లో బిగించి, ఎంతసేపు నిలబడిందో! సెలైన్ వేడెక్కితే రక్తం తక్కువ చల్లబడుతుంది, మిషన్ ఎక్కువ చూపిస్తుంది. కొత్తగా చేరినవాళ్లని ఇదే తప్పుకి తిట్టిపోసేది తను. నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు. అక్క ఇంటికొస్తుంది. కానీ ఎన్నాళ్లుంటుంది?

"సార్, రాయకండి. తప్పు నాదే. మళ్లీ చేస్తాను."

ఈసారి చేతులు ఐసులో ముంచి, సిరంజీని కొనవేళ్లతో తీసి, క్షణం ఆగకుండా ఎక్కించింది. మూడు పాయింట్ మూడు. మూడు పాయింట్ రెండు. మళ్లీ మూడు పాయింట్ రెండు.

డాక్టరు పెన్ను మూసి, ఆపరేషన్ వాళ్లకి ఫోన్ చెయ్యడానికి బయటికెళ్లాడు. అక్క మళ్లీ చెయ్యి అందుకుని ఉలిక్కిపడింది.

"ఇదేంటే, ఇంత చల్లబడిపోయింది?"

"కోస్తారక్కా," అంది చెల్లెలు. "నేనే చెప్పాను."

అక్క మొహం పక్కకి తిప్పుకుంది. చెయ్యి మాత్రం వదల్లేదు.