బైపాసు మీద గాడిపొయ్యి

తెల్లవారేసరికి ఇటుకబట్టి బస్తీలో మంచాల కోళ్ళు మునిగిపోయాయి. నీళ్ళట నీళ్ళు! ఛీ, వాటిని నీళ్ళంటే నోరు కడుక్కోవాలి. సగం సిద్దిపేట మురికి, పాయిఖానాల పెంట, ఉబ్బిన పందికొక్కులు, అన్నీ వచ్చి కూలోళ్ళ ఇళ్ళలోనే కూర్చున్నాయి. కొండవ్వ తన ఇంటి తలుపును తనే ఊడబెరికింది. దాని మీద మామ ఐలయ్యను పడుకోబెట్టి, తానొక కొస, పక్కింటి మహబూబీ ఒక కొస పట్టుకొని నడుములోతు మురికిలో నడిచారు. పక్షవాతంతో కాళ్ళు పడిపోయిన ముసలాయన. మంచం మీదికి నీళ్ళెక్కుతుంటే రాత్రంతా కోడలే ఆయన తల పైకెత్తి పట్టుకొని కూర్చుంది.

వాళ్ళ నెత్తికంటే ఎత్తున, మట్టికట్ట మీద, కొత్త బైపాసు రోడ్డు మాత్రం హాయిగా ఉంది. అక్కడ తెల్ల బండి ఆగింది. కాంట్రాక్టరు లింగమూర్తి దిగాడు. మెడలో ఉద్యమం కండువా, వెనక టీవీ కెమెరా. బురద అంటుతుందని కిందికి దిగలేదు. పైనుంచే పులిహోర పొట్లాలు విసిరాడు. ఒకటొచ్చి ఐలయ్య రొమ్ము మీద పడి పగిలింది.

"బాధపడకుర్రి అక్కలారా! ఇదంత ఆంధ్ర పాలకుల కుట్ర! మన రాష్ట్రం మనకొస్తే గిసొంటి గోస ఉండది! జై తెలంగాణ!"

మురికిలో నిలబడ్డ జనం కూడా "జై తెలంగాణ" అన్నారు. వాళ్ళు నిజంగానే అన్నారు. వాళ్ళ నోటిలో అది అన్నం లాంటి మాట. వాడి నోటిలో మాత్రం మూతి తుడుచుకునే గుడ్డ.

కొండవ్వ మామ రొమ్ము మీది మెతుకులు దులిపింది. "ముసలోడు పీనుగైండనుకొని పిండం వెడుతున్నడా వీడు?" అంది పళ్ళు కొరుకుతూ.

అసలు సంగతి వినండి. బస్తీ పక్కన కుమ్మరొర్రె అనే చిన్న వాగు ఉండేది. ఊళ్ళో పడ్డ వానంతా ఆ ఒర్రెలో పడి కింది కుంటకు పోయేది. ఊరు పెరుగుతున్నది, లారీలు నడిబజారులోకి రాకూడదు, బైపాసు కావాలన్నారు. కావాలి, ఎవరు కాదన్నారు? ప్లాను గీసినవాళ్ళు మండుటెండల్లో వచ్చారు, జీపు దిగకుండానే ఒర్రె ఎండిపోయిందని తేల్చేశారు. ఇప్పటి వానలు వెనకటి వానలు కావు. నెలల తరబడి ఎండబెడతాయి, ఒక్కరాత్రి కుమ్మరించి పోతాయి. ఆ సోయి గీసినవాళ్ళకు లేకపోయింది. అయినా మొహమాటానికి కట్ట కింద రెండు తూములు పెట్టమన్నారు. లింగమూర్తి వాటినీ మింగాడు. ఎందుకంటే తూము పెడితే నీళ్ళు పారతాయి, నీళ్ళు పారితే ఒర్రెలో ప్లాట్లు అమ్ముడుపోవు. రోడ్డుకు అవతల, ఒర్రె కడుపులోనే, సున్నం పూసిన హద్దురాళ్ళు పాతి ఉన్నాయి. ఎవడి ప్లాట్లో అడగాల్సిన పని లేదు.

మరి ఆ కట్టకు మట్టి మోసిందెవరు? బస్తీ ఆడవాళ్ళే. ఇంటి ముందే పని దొరికిందని మురిసి, పాటలు పాడుకుంటూ తట్టలెత్తారు. తమ గొంతుకు తామే మట్టి అడ్డం పోసుకున్నారు. పైగా ఉద్యమానికి బియ్యమిచ్చే దొడ్డమనిషని ఆ లింగమూర్తికే బొట్టు పెట్టి, దండ కూడా వేశారు.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు బంద్, ఆఫీసులు బంద్, బడులు బంద్. ఖాళీగా ఉన్న బడి వరండాలోకి బస్తీ మొత్తం చేరింది. మొగులు మళ్ళీ నల్లబడుతున్నది. ఇంకొక్క వాన పడితే నిలిచిన మట్టిగోడలు కూడా కూలతాయి. నీళ్ళు ఈ వరండాకూ ఎక్కితే ఐలయ్యను ఈసారి ఎత్తడానికి తలుపు ఉంటుందో, ఎత్తే మనుషులుంటారో తెలియదు.

"కట్ట తెగగొట్టాలె. ఇంకో ముచ్చట లేదు," అంది కొండవ్వ.

డిగ్రీ చదివే జోయల్ తల అడ్డంగా ఊపాడు. ఆ బస్తీ పిల్లవాడే, ఉద్యమంలో లాఠీలు తిన్నవాడు. "అక్కా, గిప్పుడు మనల మనం కొట్లాడితె ఉద్యమం పల్చన వడ్తది. లింగమూర్తి గూడ మన జెండా కిందనే ఉన్నడు గదా."

"అరే జోయల్, నీళ్ళకు జెండా ఎర్కనా?" మహబూబీ కసిరింది. "జెండా వట్టినోడు కట్టిండని నా ఇంట్ల నీళ్ళు తక్వ ఒచ్చినయా? నా బిడ్డ పెండ్లికని దాసిన బట్టలు పెంటల తేలినయి. యా అల్లా, ముట్టబుద్ధయితలేదు."

"ముందుగాల అడుగుదాం. మర్యాదగ అడుగుదాం," అన్నాడు జోయల్.

సరే, మర్యాద కూడా చూద్దామని అందరూ దీక్షా శిబిరానికి పోయారు. లింగమూర్తి దండలతో పరుపు మీద కూర్చున్నాడు. వీళ్ళ చీరల కంపుకు ముక్కు మూసుకున్నాడు.

"తూము వెట్టియ్యి సారూ. నీళ్ళకింత తొవ్వియ్యి," అంది కొండవ్వ.

"ఇస్త, ఎందుకియ్య? రాష్ట్రం రానియ్యిర్రి. వచ్చినంక మీ బస్తీకి తూమేంది, బ్రిడ్జే కట్టిస్త. గీ టైముల ఇంటి పంచాది రోడ్డుకెక్కిస్తె ఎవలు నవ్వుతరు? ఆంధ్రోళ్ళు నవ్వుతరు. మీరు తెలంగాణ బిడ్డలా, కాదా?"

"రాష్ట్రం వచ్చేదాంక మా మామ మునుక్కుంటనే ఉండాల్నా?"

"త్యాగాలు చెయ్యనిది తెలంగాణ వస్తదా?" అన్నాడు వాడు, చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టేలా.

వెధవ! త్యాగానికి కూడా కూలీలను పెట్టుకున్నాడు.

జోయల్ ముఖం మాడిపోయింది. అతను ఏదో అనబోయేలోపే లింగమూర్తి మైకు అందుకున్నాడు. "రేపు బైపాసు మీద వంటావార్పు! ఒక్క లారీ గూడ కదలద్దు. రోడ్డు మీదనే పొయ్యి తవ్వాలె, రోడ్డు మీదనే వండాలె, రోడ్డు మీదనే తినాలె! బియ్యం నాయి. మా ఇటుకబట్టి అక్కలే వండుతరు. మా పొయ్యి మీద చెయ్యేసే మొనగాడు పోలీసుల్ల ఎవడన్న ఉంటె రమ్మనుర్రి!"

బయటికొచ్చి కొంతదూరం నడిచి కొండవ్వ ఆగింది.

"మహబూబక్కా, పెండ్లిల పొయ్యి ఎట్ల తవ్వుతం?"

"ఎట్లనేంది, గాడిపొయ్యి. పొడుగుగ కాలువ లెక్క తవ్వి గిన్నెలు వరసగ పెడ్తం."

"పెండ్లి ఎంత పెద్దదైతె పొయ్యి గంత పొడుగు."

మహబూబీ ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత ఇద్దరూ, పొద్దున్నుంచి మొదటిసారి, నవ్వారు. జోయల్‌కు అర్థం కావడానికి ఇంకాస్త దూరం నడవాల్సి వచ్చింది. అర్థమయ్యాక, "గడ్డపారలు నేను తెస్త అక్కా," అన్నాడు.

మరుసటి రోజు బైపాసు జాతరలా ఉంది. డప్పులు, బతుకమ్మ పాటలు, ఆగిన లారీల వరుస. లింగమూర్తి స్టేజీ మీద త్యాగాల గురించి దంచుతున్నాడు. పోలీసులు వ్యాను దగ్గర చేతులు కట్టుకొని నిలబడ్డారు. సమ్మె రోజుల్లో వంటావార్పు మీద చెయ్యి వేస్తే జిల్లా అంటుకుంటుందని వాళ్ళకూ తెలుసు.

కట్టకు అడ్డంగా, సరిగ్గా పాత ఒర్రె పారిన జాగలో, బస్తీ ఆడవాళ్ళు పొయ్యి మొదలుపెట్టారు. ఆ రోడ్డుకింకా డాంబరు పడలేదు, ఉత్త మొరం. పోసింది వాళ్ళే, తవ్వడమెంత? మగవాళ్ళు గడ్డపారలేస్తే ఆడవాళ్ళు తట్టలెత్తారు. మోకాలిలోతయింది, నడుములోతయింది. పొయ్యి ఈ అంచు నుంచి ఆ అంచుకు పాకింది. లారీ డ్రైవర్లు కూడా దిగి ఒక చెయ్యి వేశారు.

ఉపన్యాసం ముగించి, ముద్ద తినే ఫోటో కోసం లింగమూర్తి వచ్చేసరికి కొండవ్వ తల మాత్రమే పైకి కనబడుతున్నది.

"ఇదేం పొయ్యే? గింత లోతా?"

"మంది ఎక్కువున్నరు సారూ. పెద్ద పొయ్యే గావాలె."

"ఏయ్, ఆపుర్రి! ఆపుర్రే! నా రోడ్డు!"

'మన రాష్ట్రం' అని పొద్దంతా అరిచినవాడికి రోడ్డు దగ్గరికొచ్చేసరికి 'నా' అయిపోయింది. జనమంతా విన్నారు. డప్పు ఆగింది. కొండవ్వ పైకెక్కి, జోయల్ చేతిలోని గడ్డపార అందుకొని, నీటి వైపు మిగిలిన మట్టిపెళ్ళ మీద బలంకొద్దీ వేసింది. మహబూబీ ఇంకో పోటు. మూడో పోటు ఎవరు వేశారో ఎవరికీ తెలియదు.

మురికి భళ్ళుమని దూకింది. ఒర్రె తన తొవ్వ తాను మరిచిపోలేదు. బస్తీ పెంట, పందికొక్కులు, చెప్పులు, పులిహోర పొట్లాలు, అన్నీ పోయి హద్దురాళ్ళ మీద పడ్డాయి. ఎవరి సొత్తు వాళ్ళకు ముట్టింది. జనం కేకలేశారు. ఒక ముసలమ్మ చేతులెత్తి మొక్కింది.

"పోలీస్! పోలీస్! నక్సలైట్లు జొర్రిన్రు!" లింగమూర్తి గొంతు చించుకున్నాడు. నిన్న ఏ మొనగాళ్ళను రమ్మని సవాలు చేశాడో, వాళ్ళనే బతిమాలుతున్నాడు. లాఠీలు లేచాయి. జోయల్ తల పగిలింది. కొండవ్వను జుట్టు పట్టి ఈడ్చి వ్యానులో పడేశారు.

తీరా చూస్తే వ్యాను రోడ్డు మీది గండికి అవతలి వైపు ఉంది, ఠాణా ఇవతలి వైపు ఊళ్ళో ఉంది. వెనక్కు మళ్ళుదామంటే లారీలు. తాళాలు తీసుకొని డ్రైవర్లు ఎటో పోయారు.

"పూడ్చండి దీన్ని! వెంటనే పూడ్చండి!" ఎస్సై అరిచాడు.

మహబూబీ నెత్తిమీది తట్టను దించింది. నేల మీద బోర్లించింది. నింపాదిగా దాని మీద కూర్చుంది.

"సమ్మె నడుస్తుంది సార్. పని బంద్."

"ఏం సమ్మె నీకు? నువ్వేమన్నా ఆఫీసరువా?"

"సకల జనుల సమ్మె గాదు సార్? సకల జనుల్ల మేం లేమా?"

పక్కన ఇంకొకామె తట్ట బోర్లించి కూర్చుంది. తర్వాత ఇంకొకామె. గడ్డపారలు ఒడ్డున పడ్డాయి. లింగమూర్తి రెట్టింపు కూలి అన్నాడు. తర్వాత ఎంతడిగితే అంతన్నాడు. ఒక్కరూ లేవలేదు. ఎస్సై విసుగొచ్చి అతని వైపు తిరిగాడు. "అయితే మీరే ఎత్తండి తట్ట." ఆ మాటకు నవ్వు ఒక కొస నుంచి ఇంకో కొసకు పాకింది. జోయల్ కూడా నెత్తురు తుడుచుకుంటూ నవ్వాడు.

చినుకులు మొదలయ్యాయి. వ్యాను కిటికీ జాలీ పట్టుకొని కొండవ్వ బస్తీ వైపు చూసింది. నీళ్ళు గోడలు దిగుతున్నాయి. తన ఇంటి గడప బయటపడుతున్నది.

"మహబూబక్కా, మా మామకు ఇంత బువ్వ వెట్టు. తలుపు కడిగి మల్ల ఇంటికి వెట్టియ్యి," అని కేకేసింది.

"వెడ్త తియ్యి. నువ్వొచ్చేదాంక ఈ కట్ట మీద తట్టెడు మట్టి వడది."

వాన పెద్దదయింది. బోర్లించిన తట్టల మీద నుంచి ఎవరూ లేవలేదు.