పసుపు పూల గుంటగలగర

హనుమమ్మ తలనూనె కాచేది. నైజాం ఏలుబడిలో, ఫసలీ 1345లో, అంటే 1935 ప్రాంతంలో, పాలమూరు దగ్గరి ఆ పల్లెలో ఎవరి జుట్టు ఊడినా ఆమె వాకిటికే వచ్చేవారు. నువ్వుల నూనెలో గుంటగలగర పసరు పోసి కాచడం అత్త నర్సింగమ్మ నేర్పిన పని.

ఒక పొద్దున ఆకు కోసం వాగుకు వెళ్తే, స్నానాల బండ పక్కన అలాంటి మొక్కే కనబడింది. పూలు మాత్రం తెల్లగా లేవు, పసుపుగా ఉన్నాయి. ఆమె దాన్ని వేళ్లతో సహా పెకిలించి తెచ్చింది.

“గిదేంది అత్తమ్మా?”

నర్సింగమ్మ చేట దించలేదు. “గుంటగలగరే. ఆడోళ్లు పసుపు రాసుకొని ఆడ్నే తానం జేస్తరు గద. ఆ నీళ్లు తాగి పసుపెక్కింది.”

“నీళ్లకు పువ్వు రంగు మారతదా?”

“మా అవ్వ జెప్పింది.”

హనుమమ్మకు ఆ మాట మింగుడు పడలేదు. పెరట్లో ఒక మూల పసుపు మొక్కను, ఇంకో మూల తెల్లదాన్ని నాటింది. తెల్లదానికి రోజూ పసుపు నీళ్లు, పసుపుదానికి మామూలు నీళ్లు పోసింది.

“చెట్టుకు నలుగు పెడ్తున్నవా?” అని నవ్వాడు భర్త జానయ్య.

తెల్లది తెల్లగానే పూసింది. “ఇంకో నెల పొయ్యి,” అంది అత్త. పోసింది. అయినా తెల్లగానే పూసింది. రెండోది పసుపు పూలే పూసింది. నర్సింగమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఎండాకాలం బావి అడుగంటింది. తాగడానికే నీళ్లు చాలక, మొక్కలకు పోయడం మానేశారు. రెండూ మాడిపోయాయి. హనుమమ్మ కొన్నాళ్లు ఆ వైపు వెళ్లలేదు.

మృగశిర వానలకు తెల్లదాని విత్తనాలు పెరడంతా మొలిచాయి. పసుపుదాని చోట మొలకలేవీ లేవు, పాత మొదట్లోంచి రెండు చిగుళ్లు వచ్చాయి. ఆమె వేలితో మట్టి తీసి చూసింది. అది కిందటేటి వేరు, లోపల ఇంకా పచ్చిగా ఉంది.

“ఇది సావలే అత్తమ్మా. దీని తీరే వేరు.”

నర్సింగమ్మ వంగి ఆ వేరును తడిమింది.

“మరి గా బండ కాడికి ఒక్కటే ఎట్లొచ్చింది?”

“వాగు తెచ్చింటది.”

“యాడికెళ్లి?”

ఎక్కడి నుంచో ఇద్దరికీ తెలియదు. మర్నాడు రొట్టెలు మూట కట్టుకొని వాగు వెంట పైకి నడిచారు. మధ్యాహ్నానికి గుట్ట మొదలు చేరారు. రాళ్ల సందున నీళ్లూరుతున్నాయి. ఆ తడి నేలంతా పసుపు పూలు.

నర్సింగమ్మ ఒక రాయి మీద కూర్చుంది. “ఈ ఊరికొచ్చి నలభై ఏండ్లాయె. ఒక్కనాడు గూడ ఇంత దూరం రాలే.”

కోడలి వైపు తిరిగింది.

“నా మోకాళ్లు ఎక్కనియ్యవు. పైనేమున్నదో నువ్వు సూసి రాపో.”